మలుపులో కారు

కారు మలుపు తిరుగునప్పుడు ఏ వైపునకు వంగును? ఈ ప్రశ్న అడిగినచో చాలమంది ఒక క్షణమాగి, చేతితో గాలిలో ఒక వంపు గీచి, ఆ తరువాతనే జవాబు చెప్పుదురు. సైకిలు మలుపు లోపలి వైపునకు వంగును. కారు బయటి వైపునకు వంగును. కుడికి త్రిప్పినచో ఎడమకు ఒరుగును. లోపల కూర్చున్నవారును ఎడమకే ఒరుగుదురు. సైకిలు తొక్కువాడు తానే వంగి తూకము సరిచూచుకొనును గాని, కారునకు ఆ తెలివి లేదు. అది మితిమీరి వంగకుండ పట్టియుంచు సాధనమొకటి దాని అడుగున కలదు. ఆ సాధనమును గురించియు, దానిని మెరుగుపరుపబోయి మేము తెచ్చిపెట్టుకొనిన చిక్కులను గురించియు ఈ పూట మనవి చేసెదము.

మా అమ్మగారికి డెబ్బదిరెండేండ్లు. ఏడాదికి రెండు మూడు పర్యాయములైనను అరకులోయకు పోవలెనని ఆమె కోరిక. అచ్చట మా చెల్లెలు బడిపంతులమ్మగా పనిచేయుచున్నది. విశాఖపట్టణమునుండి అరకు ఇంచుమించు 115 కిలోమీటర్ల దూరము. శృంగవరపుకోట దాటువరకు చింతలేదు. అచ్చటినుండి అనంతగిరి మీదుగా పోవు ఘాటురోడ్డు కొండను చుట్టుకొనుచు పైకి ఎక్కును. అమ్మగారు వెనుక సీటులో కూర్చుండి, ఒక చేత తలుపు పైనున్న పిడిని, మరియొక చేత నిమ్మకాయను పట్టుకొనును. నాలుగు మలుపులు గడచునప్పటికి కన్నులు మూసుకొనును. పది గడచునప్పటికి, "కొంచెం ఆపు నాయనా" అనును. కారు దిగి, రోడ్డు ప్రక్క రాతిమీద కూర్చుండి, వాంతి అయిన తరువాత గాని ఆమె మరల మాటలాడదు.

ఈ సంగతి విని మా కార్యాలయమందలి మిత్రుడొకడు కారు క్రిందికి తొంగిచూచి, "ఏమండీ, మీ కారు వెనక బారు మీ చిటికెన వేలంత లేదు. ఒరగక ఏం చేస్తుంది? లావుపాటిది వేయించండి, అమ్మగారు హాయిగా నిద్రపోతారు" అని సలహా చెప్పెను. ఆ మాట మాకు నచ్చినది. అమ్మగారి బాధకు కారణము ఒరుగుట, ఒరుగుటకు కారణము సన్నని కడ్డీ, కావున కడ్డీ మార్చినచో బాధ తొలగును అనుకొంటిమి. ఈ తర్కములో మొదటి మెట్టే తప్పని తెలిసికొనుటకు మాకు ఆరు నెలలు పట్టెను.

మన షెడ్డులలో దీనిని స్టెబిలైజర్ బారు అనియో, రాడ్డు అనియో పిలుతురు. అమెరికావారు స్వే బారు అందురు. మేము కడ్డీ యనియే చెప్పెదము. ఇది ఇంగ్లీషు అక్షరమైన యూ వలె వంచిన ఉక్కు కడ్డీ. దాని నడిమి భాగము కారునకు అడ్డముగా పోవును. రెండు చోట్ల రబ్బరు బుష్షులలో కూర్చుండి, క్లాంపులతో కారు శరీరమునకు బిగింపబడియుండును. రెండు కొసలును చిన్న లింకు రాడ్లద్వారా చెరియొక చక్రపు చేతికి తగిలింపబడియుండును. రెండు చక్రములును ఒక్కసారిగా లేచినచో కడ్డీ బుష్షులలో ఊరక తిరుగునే గాని అడ్డుపడదు. ఒక చక్రము లేచి, రెండవది దిగినచో అది మెలిపడును. తడిసిన దుప్పటిని ఇద్దరు చెరియొక కొస పట్టుకొని పిండుట మీరెరిగినదే. ఆ మెలిక విప్పుకొనవలెనని కడ్డీ పెనుగులాడును. ఆ పెనుగులాటయే కారును తిన్నగా నిలుపును.

ఈ ఉపాయమునకు మొదటి పేటెంటు 1919 ఏప్రిల్ 22న కెనడా దేశమందలి ఫ్రెడరిక్టన్ నగరవాసి స్టీఫెన్ కోల్మన్ అను నతనికి దక్కెను. కాని రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు కార్లలో ఇది అరుదు. అప్పటి స్ప్రింగులు బండి పట్టెలవలె బిరుసుగా ఉండెడివి. కారు కొంత వంగినను జనులు సరిపెట్టుకొనెడివారు. స్ప్రింగులు మెత్తబడి, ప్రయాణము సుఖమైన కొలది వంగుట ఎక్కువైనది. 1950 తరువాతి కార్లలో కడ్డీ సామాన్యమైనది. నేడు మనదేశమున తిరుగు చిన్న కార్లలో పెక్కింటికి వెనుక విడి కడ్డీ కానరాదు. వెనుక చక్రములను కలుపు దూలమే మెలిపడునట్లు చేసి, దానితోనే ఈ పనియు జరిపించుకొందురు. మా కారు అట్టిది కాదు. దాని వెనుక చక్రములు దేనికది విడిగా కదలును. వాటికి 14 మిల్లీమీటర్ల కడ్డీ యొకటి ఉండెను.

మేము తెప్పించినది 19 మిల్లీమీటర్లది. అయిదు మిల్లీమీటర్ల తేడా ఏపాటిదని అనుకొందురేమో. కడ్డీ బిగువు దాని వ్యాసముతో సమానముగా పెరగదు. వ్యాసముయొక్క నాలుగవ ఘాతముతో పెరుగును. అనగా వ్యాసము రెట్టింపైనచో బిగువు పదునారు రెట్లగును. 19ని 14తో భాగించి, వచ్చిన దానిని నాలుగుసార్లు హెచ్చించినచో ఇంచుమించు 3.4 వచ్చును. కంటికి మూడవ వంతు లావుగా కనబడు కడ్డీ నిజమునకు మూడు రెట్లకు మించిన బిగువు గలది. ఈ సూత్రమును మేము విశ్వవిద్యాలయమున చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు కూడ పొందియుంటిమి. డబ్బు చెల్లించునాడు మాత్రము అది జ్ఞాపకము రాలేదు.

అంతటితో ఆగలేదు. క్రొత్త కడ్డీ కొసలలో రెండేసి రంధ్రములుండెను. లింకును చివరి రంధ్రమున తగిలించినచో కొంత మెత్తన. లోపలి రంధ్రమున తగిలించినచో చేయి పొట్టిదై మరింత బిరుసు. ఏది వేయవలెనని మెకానిక్కు అడిగెను. కొన్నది గట్టిదనము కొరకే కదా యని లోపలిదే వేయుమంటిమి. అతడు ముప్పదియేండ్లుగా పానా పట్టినవాడు. ఒక నిమిషము ఊరకుండి, "బాబుగారూ, కడ్డీ మార్చడం అరగంట పని. దాన్ని పట్టుకునేవాటి సంగతేటి మరి?" అనెను. ఆ ప్రశ్న మాకు అర్థము కాలేదు. అర్థమైనట్లు తల యూపితిమి.

మొదటి వారము పండుగ. భీమునిపట్టణము పోవు సముద్రతీరపు రోడ్డుమీద కారు పట్టాలపై నడచినట్లు నడచెను. స్టీరింగు త్రిప్పిన తోడనే ముక్కు తిరుగును, ఒరుగుట లేదు. ముందు చక్రములతో నడచు కార్లకు మలుపులో బయటికి జారిపోవు స్వభావము కలదు. త్రిప్పినంత తిరుగక, ఇంకను త్రిప్పుమని అడుగును. ఆ బద్ధకము పోయినది. కార్యాలయమందలి మిత్రుని ఒక సాయంకాలము త్రిప్పి చూపితిమి. అతడు తనకు రావలసిన ఖ్యాతి కొంత పుచ్చుకొనెను.

రెండవ వారమున కిర్రు శబ్దము మొదలైనది. ఇంటినుండి బయలుదేరి, వీధి చివర గుంట దిగునప్పుడెల్ల వెనుకనుండి పాత కవాటము తెరచినట్లు మ్రోత. క్రొత్త కడ్డీతో వచ్చిన బుష్షులు రబ్బరువి కావు, పాలీయూరితేన్ అను గట్టి పదార్థముతో చేసినవి. వానిలో కడ్డీ జారుచు తిరుగవలెను. గ్రీజు ఎండినచో కిర్రుమనును. మామూలు గ్రీజు వాన నీటికి కొట్టుకొనిపోవును. నీటికి నిలుచు చిక్కని సిలికోన్ గ్రీజు కావలెను. క్లాంపులు విప్పి, తుడిచి, గ్రీజు పూసి బిగించితిమి. మూడు నెలలు నోరు మూసికొనెను. తరువాత మరల మొదలు. ఇది భరింపదగిన చిక్కే.

భరింపరానిది మరియొకటి. వేగనిరోధకపు గట్టు మీద రెండు చక్రములు నొక్కసారి ఎక్కును గనుక తేడా తెలియలేదు. ఒక ప్రక్క గుంటలో ఒక చక్రము పడినచో మాత్రము ఆ దెబ్బ కడ్డీ గుండ రెండవ చక్రమునకు కూడ ప్రాకును. చక్రములు విడివిడిగా కదలవలెనని తయారుచేసినవాడు పడిన శ్రమనంతయు మేము ఒక కడ్డీతో రద్దుచేసితిమి. మన రోడ్లమీద గుంటలు సమముగా రెండు ప్రక్కల నుండవు కదా. వెనుక సీటులో కూర్చున్నవారి తల ఎడమకును కుడికిని ఊగిసలాడును. అమ్మగారు ఫిర్యాదు చేయలేదు. ఆమె ఏ విషయమునందును చేయదు. "ఈ కారు కొత్తగా ఎడ్లబండి నేర్చుకుందా?" అని మాత్రము అడిగెను.

ఆ మాట మేము పట్టించుకొనలేదు. శ్రావణమాసమున వానలో అరకునకు పోయితిమి. తిరుగు ప్రయాణమున దిగుడు దారిలో, కుడికి తిరుగు ఒక బిగుతు మలుపున, వేగము కొంచె మెక్కువైనదని తోచి యాక్సిలరేటరుమీదనుండి కాలు చటుక్కున తీసితిమి. వెనుక భాగము తనంతట తాను బయటికి జారినది. ముక్కు కొండవైపు, తోక రోడ్డు అంచువైపు. స్టీరింగును ఎదురు త్రిప్పితిమో, అదియే తిరిగెనో చెప్పలేము. వెనుక ఎడమ చక్రము అంచున మెత్తని మట్టిలో దిగి ఆగినది. ఆ చోట అవతల లోయ కాదు, రాళ్ళతో నిండిన కాలువ. కారును మరల దారికి తెచ్చుకొనునంతలో ఎదురుగా బస్సు వచ్చినది. ఒక అరనిమిషము ముందు వచ్చియున్నచో ఈ ప్రసంగము ఎవరు చేసియుందురో మాకు తెలియదు. వెనుకకు తిరిగి చూచితిమి. అమ్మగారు నిమ్మకాయను వదలి, ముందు సీటును రెండు చేతులతో పట్టుకొనియుండెను. ఇల్లు చేరువరకు ఎవరును మాటలాడలేదు.

ఇది ఎందులకు జరిగినది? మలుపులో లోపలి చక్రములమీది బరువు కొంత బయటి చక్రములమీదికి పోవును. మొత్తము ఎంత పోవుననునది కారు బరువునుబట్టి, ఆ బరువు ఎంత ఎత్తున నున్నదను దానినిబట్టి, చక్రముల మధ్యదూరమునుబట్టి, వేగమునుబట్టి నిర్ణయమగును. కడ్డీ దానిని తగ్గింపజాలదు. ముందు చక్రముల జతకెంత, వెనుక జతకెంత యని పంచిపెట్టును, అంతే. వెనుక కడ్డీ బిరుసైనచో వెనుక జత ఎక్కువ పాలు మోయును. టైరు గుణమొకటి చూడుడు. బరువు రెట్టింపైనంత మాత్రమున దాని పట్టు రెట్టింపు కాదు. కొంత తక్కువే పెరుగును. ఇద్దరు కూలీలు చెరియొక బస్తా మోసికొనుచు నడువగలరు. ఒకని మీదనే రెండు బస్తాలు వేసి, రెండవవానిని చేతులూపుకొనుచు రమ్మన్నచో బస్తాలు రెండే, కూలీలు ఇద్దరే. కాని పని సాగదు. ఒక్కొక్క వెనుక టైరుమీద 300 కిలోలున్నచో ఎంత పట్టు కలదో, ఒకదానిమీద 500, రెండవదానిమీద 100 ఉన్నచో అంత ఉండదు. ఆ దిగుడు దారిలో మేము కాలు తీయగానే బరువు ముందుకు దూకినది. వెనుక టైర్లకు మిగిలినది స్వల్పము. ఆ స్వల్పమును మా కడ్డీ ఒక్క చక్రము నెత్తిన పెట్టినది. రోడ్డు తడి. జారక ఏమి చేయును?

ముందు జారుటను అండర్ స్టీర్ అనియు, వెనుక జారుటను ఓవర్ స్టీర్ అనియు ఇంజనీర్లందురు. ముందు జారినచో కారు అనుకొన్నదానికన్న వెడల్పుగా తిరుగును. సామాన్యుడు భయపడి కాలు తీయును, స్టీరింగు ఇంకను త్రిప్పును. రెండును చాలవరకు మంచికే. వెనుక జారినచో ఆ భయపు చేష్టలే ప్రమాదమును పెంచును. కావుననే కారు తయారుచేయువారు బుద్ధిపూర్వకముగా కొంచెము అండర్ స్టీరును కారులో ఉంచుదురు. మేము బద్ధకమని తీసివేసినది ఆ భద్రతనే.

ఈ సందర్భమున అమెరికాలో ప్రసిద్ధికెక్కిన ఒక ఉదంతము చెప్పవలెను. 1960లో వచ్చిన షెవర్లే కోర్వేర్ కారునకు ఇంజను వెనుక నుండెను. వెనుక చక్రములు ఊగు ఇరుసులమీద నడచెడివి. అట్టి కారునకు ముందు కడ్డీ యున్నచో బరువుయొక్క పాలు ముందు జతకు ఎక్కువగా పోయి, తోక నిలుకడగా నుండును. మొదటి నమూనాలలో దానిని సహజముగా అమర్చలేదు. ముందు చక్రములలో గాలి తక్కువగాను, వెనుక వానిలో ఎక్కువగాను ఉంచుకొనుమని యజమానులకు చెప్పిరి. 1964 నమూనాలో ముందు కడ్డీ వచ్చినది. 1965లో వెనుక అమరికయే మారినది. ఆ 1965లోనే రాల్ఫ్ నాడర్ తన గ్రంథమున మొదటి అధ్యాయమును ఈ కారునకే కేటాయించి తయారీదారులను దుమ్మెత్తిపోసెను. 1972లో ప్రభుత్వ భద్రతా సంస్థ పరీక్షలు జరిపి, నాటి తోటి కార్లకన్న ఇది అధ్వాన్నము కాదని నివేదించినది. ఎవరి మాట ఎంత నిజమను వాదము ఇప్పటికిని ముగియలేదు. మాకు ఇందులో పట్టుబడినదొక్కటే. ఆ కారునకు కావలసినది ముందు కడ్డీ. మేము మా కారునకు చేసినది సరిగా దానికి వ్యతిరేకము.

ఇంకొక తప్పును చెప్పకుండ దాచుట న్యాయము కాదు. ఆ వేసవిలో రెండు క్రొత్త టైర్లు కొని ముందు వేయించి, అరిగినవానిని వెనుకకు నెట్టితిమి. ముందు చక్రములే కదా కారును లాగునవి యని మన వాడుక. తడి రోడ్డుమీద వెనుక టైర్లు పట్టు వదలినచో నడుపువానికి దిక్కులేదు. కావున రెండే కొన్నప్పుడు క్రొత్తవి వెనుక వేయుటయే మేలు. కడ్డీ ఒక ప్రక్క, అరిగిన టైర్లు మరియొక ప్రక్క. తప్పు సగము సగము పంచుకొనవచ్చును, రెండు పాళ్ళును మావే.

మరునాడు షెడ్డునకు పోయితిమి. కారును పైకెత్తి దీపము పట్టి చూచినప్పుడు మెకానిక్కు ఆనాడడిగిన ప్రశ్నకు అర్థము తెలిసినది. ఎడమ లింకు రాడ్డు కీలు వదులై చేతితో కదలించిన కదలుచుండెను. కొన్ని వారములుగా వినబడుచున్న టకటక శబ్దము దానిదే. అంతకన్న పెద్దది, కుడి క్లాంపు బిగించిన రేకు చుట్టు, అతుకు వెంబడి, వెండ్రుకవంటి నెఱ్ఱె. 14 మిల్లీమీటర్ల కడ్డీ లాగు లాగునకు సరిపడునట్లు ఆ రేకును చేసిరి. మూడు రెట్ల పైచిలుకు బలముతో లాగినచో అది ఎంతకాలము ఓర్చును? "కడ్డీకి కోపం వచ్చిందనుకోండి బాబుగారూ, అది చూపించేది రేకు మీదే" అని అతడు నెఱ్ఱె వెంబడి గోరుతో గీచి చూపెను. ఇంకొక వాన ప్రయాణము చేసియున్నచో క్లాంపు ఊడి వచ్చెడిదేమో.

లింకు మార్చి, లోపలి రంధ్రమునుండి చివరి రంధ్రమునకు మార్చుకొనవచ్చునని మిత్రుడు సూచించెను. అదియు ఒక దారియే. ఖాళీ మైదానమునందు పోటీలకు నడుపువారు ఆ విధముగనే కొంచెము కొంచెము మార్చుకొనుచు తమకు సరిపడు చోటు కనుగొందురు. లింకుల పొడవు సరిచేసి, సమతలముమీద కారు నిలిచినప్పుడు కడ్డీలో మెలిక లేకుండ చూచుకొందురు. మాకు పోటీలు లేవు. పాత కడ్డీనే తిరిగి వేయించితిమి. నెఱ్ఱె కొసలలో చిన్న రంధ్రములు తొలిపించి, వెల్డింగు చేయించి, పైన దళసరి పలక యొకటి అతికించితిమి. పాత కడ్డీకి క్రొత్త రబ్బరు బుష్షులు వేసితిమి. నాలుగు షాక్ అబ్జార్బర్లలో వెనుకవి రెండును నూనె కారుచుండెను. ముందు కడ్డీ లింకులును అరిగియుండెను. అవి మార్చగానే మా కారు ఊగుట సగమునకు సగము తగ్గినది. ఆ సన్నని కడ్డీ తన పని తాను చేయుచునే యుండెను. చుట్టునున్నవి అరిగి దానికి చెడ్డపేరు తెచ్చినవి. మొదటి దినముననే ఇవి చూపించుకొనియున్నచో క్రొత్త కడ్డీ వెలలో సగముతో పని ముగిసెడిది.

చట్టము సంగతి ఒక మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. కడ్డీ మార్పు ఆ హద్దులోపలనో వెలుపలనో చెప్పుటకు మేము న్యాయవాదులము కాము. భీమా సంస్థకు తెలుపకుండ ఇట్టి మార్పు చేసి, పిదప ప్రమాదము జరిగినచో వారు మొదట అడుగు ప్రశ్న మాత్రము ఇదియే కాగలదు.

ఇక అమ్మగారి వాంతుల మాట. కడుపులో త్రిప్పుటకు కారు ఎన్ని డిగ్రీలు వంగెనను నది ముఖ్యము కాదని తరువాత చదివి తెలిసికొంటిమి. శరీరమును అటునిటు మెల్లగా త్రోయు ఊపు, ముఖ్యముగా అయిదు సెకండ్లకొక పర్యాయము వచ్చునది, మనిషిని ఎక్కువగా బాధించును. ఘాటులో వరుస మలుపులు ఇంచుమించు అట్టి ఊపునే ఇచ్చును. ప్రక్కకు త్రోయు బలము వేగముయొక్క వర్గముతో పెరుగును. అదే మలుపును 30 కిలోమీటర్ల వేగమునకు బదులు 40తో తీసినచో ఆ బలము ఒకటిన్నర రెట్లను మించిపోవును. కారు వంగుట తగ్గినదని మేము తెలియకుండనే వేగము పెంచియుంటిమి. ఆ ఆరు నెలలలో అమ్మగారికి బాధ తగ్గలేదు, పెరిగినది. మాతో ఆమె అనలేదు, చెల్లెలితో అన్నదట.

కార్తికమాసమున మరల పోయితిమి. అమ్మగారిని ముందు సీటులో కూర్చుండబెట్టితిమి. అచ్చట రోడ్డు ముందుగా కనబడును, మలుపు ఎటు వచ్చునో కన్నులకు తెలియును. మలుపునకు ముందే వేగము తగ్గించి, లోపల ఒకే తీరున నడిపితిమి. కారు మునుపటివలెనే ఒరిగినది. అనంతగిరిలో ఆమె తానై ఆపుమన్నది. కంగారుపడితిమి. కాఫీ త్రాగవలెనట.

ఆ 19 మిల్లీమీటర్ల కడ్డీ మా పెరటిలో గోడకు చేరబడియున్నది. మిత్రుడు కొనెదనని రెండు పర్యాయములు అడిగెను. అతని కారు క్రింద రేకును ముందు చూపించుకొని రమ్మంటిమి. మా అతుకును ప్రతి సర్వీసునందును దీపము పెట్టి చూడవలెనని మెకానిక్కు చెప్పినాడు. ఇంతవరకు రెండుసార్లు చూచితిమి. క్రొత్త గీత లేదు.